ముట్టిన కాయ

మా ఇంటి చదరంగంలో సిలువ రాజు నెత్తిన ఉండదు, బిషప్ నెత్తిన ఉంటుంది. దీనికి బాధ్యులు ఇద్దరు. ఒకరు ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే సింగన్న, ఇంకొకరు మా నాన్న నతానియేలు. నాన్నకి నర్సీపట్నం అబీద్ సెంటర్లో వాచీల రిపేరు దుకాణం. సింగన్న ఇంట్లో గోడగడియారం బాగుచేసి పెడితే, ఆయన అంకుడు కర్రతో చదరంగం కాయలు చేసిస్తానన్నాడట. “మీది కిరస్తానపు ఇల్లు కదా, సిలువ ఏ కాయకి పెట్టమంటావు?” అని అడిగాడట. “ఇంకెవరికి, బిషప్ గారికే పెట్టు” అన్నాడు నాన్న నవ్వుతూ. సింగన్న నవ్వలేదు, పెట్టేశాడు. బజార్లో అమ్మే కాయల్లో సిలువ రాజుకి ఉంటుందని అప్పటికి వాళ్ళిద్దరికీ తెలియదు.

ఆ కాయల మీదే మా అక్క రాచెల్ ఆట నేర్చుకుంది. నేనూ వాటి మధ్యే పెరిగాను గాని నాకు ఆట అబ్బలేదు. నా పేరు ఎస్తర్ రాణి. తీరా చూస్తే మా ఇంటి ఆటలో రాణే లేదు, ఆ కాయని అందరూ మంత్రి అంటారు. ఆ కోపం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

అక్క డిగ్రీ చదివే రోజుల్లో విశాఖపట్నంలో ఆడపిల్లల పోటీలు పెట్టారు. ఆఖరి ఆట నెగ్గిన పిల్ల రాష్ట్రం పోటీలకి వెళుతుంది. అక్క ఆఖరి ఆట దాకా వచ్చింది. నల్లకాయలు అక్కవి, తెల్లకాయలు వైజాగ్ అమ్మాయివి. తెల్ల ఏనుగు వచ్చి అక్క రాజుకి చెక్ చెప్పింది. టైం అయిపోతోంది. బిషప్‌ని మధ్యలో అడ్డం పెడదామని అక్క చెయ్యి చాపింది. చెయ్యి అలవాటు కొద్దీ సిలువ ఉన్న కాయ మీదికి వెళ్ళింది. పోటీలో పెట్టిన బజారు కాయల్లో అది రాజు.

పోటీ ఆటలో ముట్టిన కాయ ఆడాల్సిందే. వంకరగా ఉన్న కాయని గడిలో సరిగ్గా నిలబెట్టాలంటే, ముట్టుకోకముందే “సర్దుతున్నాను” అని పైకి చెప్పాలి. అలా చెబితే ముట్టుకున్నా తప్పు లేదు. అక్క ఏమీ చెప్పలేదు. అంపైరు పెద్దాయన. పిల్ల మొహం చూసి జాలిపడి, “సర్దుతున్నావా అమ్మా?” అని అడిగాడు. ఔనంటే బతికిపోయేది.

“లేదండీ, ముట్టుకున్నాను” అంది అక్క. రాజునే కదిపి ఓడిపోయింది.

నాన్నకి ఆ ఓటమి నెగ్గినదానికంటే ఎక్కువైపోయింది. వాచీ పట్టుకుని దుకాణానికి ఎవరొచ్చినా, కంటి భూతద్దం తీసి పక్కన పెట్టి మరీ ఆ కథ చెప్పేవాడు. చర్చి సంఘంలో ఆయన పెద్ద. ఆలుమగల తగువు తీర్చడానికి వెళ్ళినా అదే కథ చెప్పేవాడు. “ముట్టిన కాయ ఆడాలమ్మా, సర్దుకుపోవాలమ్మా” అని ఎంతమంది ఆడపిల్లల్ని వెనక్కి పంపించాడో ఆ దేవుడికే తెలియాలి. ఆఖరికి అక్క పెళ్ళిలో కూడా మైకు పట్టుకుని, “నా కూతురు ముట్టిన కాయ వదలదు. అల్లుడు గారూ, మీకింక బెంగ లేదు” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అల్లుడు సత్యప్రకాష్ తునిలో ఉద్యోగస్తుడు. మా పాస్టరు జీవానందం గారికి స్వయానా మేనల్లుడు. నాన్న పెద్దగా విచారించలేదు. “మనవాళ్ళకి మనవాళ్ళే కాపలా” అన్నాడు, అంతే.

తొంభై ఎనిమిదిలో మట్టలాదివారం నాడు మేము చర్చి నుంచి కొమ్మలు పట్టుకుని ఇంటికి వచ్చేసరికి అక్క అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన ఒక బ్యాగు. ఈస్టరుకి వచ్చానంది. ఈస్టరు వెళ్ళిపోయింది, అక్క వెళ్ళలేదు.

మాకు పాలు పోసే మహాలక్ష్మమ్మ రోజూ చెంబు దించుతూ, “ఏటే రాచెలమ్మా, సెలవులింకా అవ్వనేదేటి?” అనేది. అక్క నవ్వి ఊరుకునేది. ఆవిడ పాటి అయినా ఇంట్లో మేము అడగలేదు. అక్క మంచినీళ్ళ గ్లాసు ఎడమచేత్తో అందుకునేది. కుడిచేతి మణికట్టు కాస్త పక్కకి తిరిగినట్టుండేది. బాత్రూంలో జారిపడిందట అని అమ్మ చెప్పింది. మేమందరం ఆ ‘అట’ దగ్గరే ఆగిపోయాము.

ఏప్రిల్ చివర్లో బావ, జీవానందం గారూ వచ్చారు. బావ మెత్తగా మాట్లాడే మనిషి. అమ్మ చేతి కాఫీని మెచ్చుకున్నాడు, నా ఇంటర్ పరీక్షల సంగతి అడిగాడు. వేసవి పుట్టింట్లో ఉండనివ్వండి, జూన్ మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి తీసుకెళతాం అని పాస్టరుగారు తేల్చారు. “అలాగేనండి, మాటిస్తన్నాను” అన్నాడు నాన్న. వంటింటి గుమ్మంలో నిలబడి అక్క ఆ మాట విన్నది. నన్ను ఎవరూ అడగలేదు గాని, అడిగితే మాత్రం నా దగ్గర ఏం మాటుంది? అక్క వెళ్ళకూడదని కడుపులో ఉంది, ఎందుకో చెప్పడం నోటికి రావడం లేదు.

ఆ ఏడు మే నెల ఎండలు మనుషుల్ని మింగేసిన ఎండలు. నాన్న మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చి, అన్నం తిని, తడిగుడ్డ భుజాన వేసుకుని నడవలో చాప మీద వాలేవాడు. ఒకరోజు అక్క ఆ చాప పక్కన బోర్డు పరిచింది.

“నాన్నా, నా వైజాగ్ ఆట ఒకసారి సూద్దామా?”

నాన్న మొహం విప్పారింది. “సూడ్డానికేటుందమ్మా అందులో? ఊరందరికీ తెలుసు. ముట్టేవు, ఆడేవు.”

“ఊరందరికీ ఆఖరి ఎత్తు తెలుసు. మిగతా ఆట ఎవరికీ తెలీదు. నీక్కూడా.”

అక్క ఎడమచేత్తో ఒక్కొక్క కాయా తీసి, ఆనాటి ఆట ఎలా ఉందో అలా నిలబెట్టింది. కాగితం చూడలేదు, తడుముకోలేదు. నాకు ఆశ్చర్యం వేసింది.

“అన్నీ ఎలా గుర్తున్నాయే?” అన్నాను.

“తునిలో బోర్డు లేదు కదా. కూర తరిగినప్పుడూ, గుడ్డలు జాడించినప్పుడూ బుర్రలోనే ఆడుకునేదాన్ని. వేరే ఆటలు మరిచిపోయేను. ఇదొక్కటే ఆడేదాన్ని.”

తర్వాత నాన్న వైపు తిరిగింది. “ఇదిగో, ఏనుగు చెక్ చెప్పింది. నేను రాజుని ముట్టుకోలేదనుకో. బిషప్‌నే పట్టుకున్నాను, తెచ్చి మధ్యలో అడ్డం పెట్టేను. ఇప్పుడు తెల్లకాయలు నువ్వు ఆడు.”

నాన్న లేచి కూర్చున్నాడు. బోర్డు వంక చూసి, అలవాటైన చేత్తో గుర్రాన్ని తెచ్చి ఆ బిషప్ మీదికి గురిపెట్టాడు. బిషప్ కదిలితే వెనకాల రాజు దొరికిపోతాడు, కాబట్టి కదలడానికి లేదు. అక్క ఒక బంటుతో కాపలా పెట్టింది. నాన్న రెండో ఏనుగుని కూడా తెచ్చాడు. అక్క ఏదో ఆడింది. నాన్న చెయ్యి బిషప్‌ని కొట్టబోయి గాలిలో ఆగింది. సిలువ ఉన్న ఆ కాయని తీసేస్తే అక్క ఆట అయిపోయినట్టే. అది ఆయనకి అప్పుడు కనపడింది.

“కొట్టు నాన్నా” అంది అక్క.

“అయితే...” అన్నాడు నాన్న. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “అయితే ముట్టుకోడం వల్ల పోనేదా?”

“లేదు. అప్పటికే పోయింది. నేను ఏ కాయ ముట్టుకున్నా ఒకటే.”

నాన్న తడిగుడ్డతో మొహం తుడుచుకుని మళ్ళీ వాలిపోయాడు. నిద్రపోలేదని నాకు తెలుసు, ఎందుకంటే గురక రాలేదు.

మర్నాడు ఆయనే బోర్డు పరిచాడు. “ఇంత దాకా రానియ్యకుండా, ఆ ముందరి ఎత్తులో మంత్రిని ఇక్కడ పెట్టుంటే?” అన్నాడు. అక్క చూపించింది, పోయింది. దాని మర్నాడు, “అంతకంటే ముందు ఏనుగుని కదిపుంటే?” అన్నాడు. అదీ పోయింది. ఆగిపోయిన వాచీలో ఏ చక్రం పన్ను విరిగిందో వెతికినట్టు, నాన్న ఆటని ఆఖరి నుంచి మొదటికి ఒక్కొక్క ఎత్తే విప్పుకుంటూ వచ్చాడు. దుకాణంలో కూడా అదే ధ్యాస. ఎవరిదో అలారం టైంపీసు ఇంకెవరికో ఇచ్చేసి చివాట్లు తిన్నాడు. ఆ ముట్టిన కాయ కథ చెప్పడం మానేశాడని తర్వాతెప్పుడో మహాలక్ష్మమ్మ అంటే గాని నాకు తట్టలేదు.

అమ్మకి ఇదంతా ఒళ్ళు మంట. “పిల్లకి నాలుగు మంచి మాటలు సెప్పి పంపాల్సింది పోయి, ఈ కాయలేటండి?” అనేది నాన్నతో. అక్కతో మాత్రం మెల్లగా, “ఎక్కడైనా ఉంటాయే గొడవలు. ఆడది సర్దుకుపోవాలమ్మా. నేను సర్దుకోనేదా?” అనేది. అక్క పనసతొనల్లోంచి పిక్కలు తీస్తూ వినేది. అమ్మ ధనమ్మ చెడ్డది కాదు. ఆమెకి తెలిసిన మందు అదొక్కటే, అన్ని రోగాలకీ అదే పోసేది.

వెనక్కి వెళ్ళి వెళ్ళి చివరికి ఆట మొదట్లో కాయలన్నీ దాదాపు తమ తమ గళ్ళలోనే ఉన్న చోటికి వచ్చారు. తెల్లకాయలవాళ్ళు రాజు ముందరి బంటుని నడిపారు. అక్కా రాజు ముందరి బంటునే నడిపింది. తెల్ల గుర్రం బయటికి వచ్చి ఆ బంటుని కొడతానని నిలబడింది. అప్పుడు అక్క తన రాజు పక్క బిషప్ ముందరి బంటుని ఒక గడి తోసి, ఆ మొదటి బంటుకి కాపలా పెట్టింది. అది నాన్న నేర్పిన ఎత్తు. మా ఇంట్లో అందరూ అలాగే ఆడతారు. నాకు ఆట రాకపోయినా ఆ ఎత్తు మాత్రం వచ్చు.

“ఇదే నాన్నా” అంది అక్క.

“ఏది?”

“ఈ బంటు. ఇది తొయ్యడంతో రాజు పక్క తలుపు తెరుచుకుపోయింది. తెల్ల బిషప్ దూరంగా కూర్చుని ఈ సందంతా కాస్తాది. ఇంక రాజుని మూల కోటలో దాచడానికి లేదు. నేను ఆటంతా రాజుని నడివీధిలో పెట్టుకునే ఆడేను. ఆ ఏనుగు చెక్ చెప్పడం, నేను కంగారుపడ్డం, అన్నీ ఇక్కడి నుంచి వచ్చినవే.”

నాన్న తల గట్టిగా అడ్డంగా ఊపాడు. “నేనొప్పుకోను. మన బంటుకి మన బంటే కాపలా. చిన్నప్పటి నుంచీ ఇదే ఆడతన్నాను, నర్సీపట్నంలో నన్నెవడు ఓడించేడు?”

“నర్సీపట్నంలో అందరూ ఇదే ఆడతారు మరి” అంది అక్క. నాకు నవ్వొచ్చింది, నాన్న మొహం చూసి మింగేశాను.

అక్క తెల్ల గుర్రాన్ని ఎత్తి, కాపలా ఉన్న ఆ మొదటి బంటుని కొట్టేసింది. “వైజాగ్ అమ్మాయి నెమ్మదస్తురాలు. ఇంకొకరైతే ఇలా గుర్రాన్ని బలిచ్చి అక్కడే ముగించేద్దురు. గుర్రం పోతే పోనీ అంటారు. వెనకాల మంత్రి దూసుకొస్తాది, ఆపడానికి లేదు.”

“గుర్రాన్ని ఎవడు బలిస్తాడే? అంత పెద్ద కాయని?”

“ఇచ్చేవాళ్ళుంటారు నాన్నా.”

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు నాన్న ఆ వారమంతా ఆ ఎత్తుని వెనకేసుకొచ్చాడు. ఎన్ని రకాలుగా ఆడినా అక్క ఓడిస్తూనే ఉంది. ఇంతలో మే నెల ముగింపుకొచ్చింది. అమ్మ అక్క చీరలు ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీకి ఇచ్చింది. ఆదివారం దగ్గరపడుతోంది.

ఆ గురువారం సాయంత్రం నేనూ అక్కా బజారుకి వెళ్ళి, నాన్నకి టీ ఇచ్చి వద్దామని దుకాణానికి వెళ్ళాము. కరెంటు లేదు. నాన్న కంటికి భూతద్దం బిగించుకుని ఒక లేడీస్ వాచీ విప్పి గుమ్మం వెలుతురులో పెట్టుకున్నాడు.

“సరిగ్గా వచ్చేవమ్మా రాచెలూ. ఆ పట్టకారుతో ఈ చక్రం పట్టుకో, నేను కింద ఇరుసు పెడతాను. నీ చెయ్యి పడితే కదలదు.” చిన్నప్పుడు ఆ పని అక్కదే. అంత సన్నటి చక్రాన్ని ఊపిరి బిగపట్టి నిలబెట్టేది.

అక్క ఎడమచేత్తో పట్టకారు అందుకుంది.

“కుడిచేత్తో పట్టుకో, జారిపోద్ది.”

అక్క చెయ్యి మార్చుకుంది. మణికట్టు తిరగలేదు. పట్టకారు చివర వణికింది, చక్రం జారి ఎక్కడో బల్ల కింద పడింది. నేను వెతకడానికి వంగాను. తలెత్తి చూస్తే నాన్న అక్క చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఆ భూతద్దం తియ్యకుండానే, మణికట్టు ఎముక అతుక్కున్న చోటు చూస్తున్నాడు. విరిగిన వస్తువు ఎలా విరిగిందో చెప్పగలగడం ఆయన వృత్తి. జారిపడితే విరిగేది ఒకలా ఉంటుంది, పట్టుకుని మెలిపెడితే విరిగేది ఒకలా ఉంటుంది.

“ఎప్పుడు?” అన్నాడు.

“క్రిస్మస్‌కి ముందు.”

“బాత్రూంలో పడ్డావన్నారు.”

“అమ్మ అలా అంది. నేను ఊరుకున్నాను.”

“నాకెందుకు సెప్పనేదమ్మా?”

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. “ముట్టిన కాయ కదా నాన్నా” అంది. కోపంగా అనలేదు, ఎత్తిపొడుపుగానూ అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది.

నాన్న భూతద్దం తీశాడు. దాని అంచు నొక్కుకున్న చోట కంటి చుట్టూ ఎర్రగా వలయం పడి ఉంది. నాకు చక్రం దొరికింది గాని ఇవ్వడానికి చేతులు రాలేదు. నాన్న దుకాణం తలుపు చెక్కలు ఒక్కొక్కటే పెట్టి తాళం వేశాడు. అక్కని అంత బాధపెట్టిన మనిషికి నేను నా పరీక్షల సంగతి నవ్వుతూ చెప్పానే అని దారంతా అనుకుంటూ నడిచాను.

ఇంటికొచ్చాక నాన్న బోర్డు ముందు కూర్చున్నాడు. చాలాసేపు ఆ రెండో ఎత్తు వైపు చూశాడు. తర్వాత బంటుని వెనక్కి, దాని గడిలోకి, పెట్టేశాడు.

“మరి ఇక్కడ ఏటాడాల?” అని అడిగాడు. నాన్న ఆట గురించి అక్కని అడగడం నేను అదే చూడటం.

“గుర్రాన్ని బయటికి తియ్యాలి. అది కాస్తాది బంటుని. తలుపు తియ్యక్కర్లేదు.”

“అంతేనా?”

“అంతే.”

“మొదట్లో ఇంత చిన్నదా?” అన్నాడు నాన్న. మేము కూర్చున్నామని కూడా మరిచిపోయినట్టు మరోసారి అన్నాడు, “ఇంత చిన్నదా?”

అక్కకి ఆయన ఇంకేమైనా చెబుతాడేమోనని నేను శుక్రవారం చూశాను, శనివారం చూశాను. చెప్పలేదు. శనివారం సాయంత్రం అమ్మ బ్యాగు సర్ది నడవలో పెట్టింది. అక్క దాని పక్కనుంచే అటూ ఇటూ తిరిగింది. ఇచ్చిన మాట, సంఘం పెద్దరికం ఒకవైపు, అక్క చెయ్యి ఒకవైపు. ఆయన మింగలేక కక్కలేక ఉన్నాడని నాకు తెలుసు. అయినా నాన్న మీద నాకు జాలి కలగలేదు. చెయ్యి విరిగింది ఆయనది కాదు.

ఆదివారం ఆరాధన అయ్యాక జీవానందం గారూ, బావా కారులో వచ్చారు. బావ తెల్లచొక్కా వేసుకున్నాడు. అమ్మ నిమ్మకాయ నీళ్ళు ఇచ్చింది. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేశారు. అందరం కళ్ళు మూసుకున్నాము. నేను మధ్యలో తెరిచి చూస్తే నాన్న కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన బావ చేతుల వైపు చూస్తున్నాడు.

“నేనేటీ అనుకోనేదు మావయ్యా” అన్నాడు బావ నాన్నతో, ప్రార్థన అయ్యాక. “ఇంట్లో చిన్న చిన్నవి ఉంటాయి. కాస్త సర్దుకుపోతే సరిపోద్ది. కాదేటి?”

“అదే నేననేదీను” అన్నారు పాస్టరుగారు. “నతానియేలు గారూ, ముట్టిన కాయ వదలదు మా అమ్మాయని పెళ్ళిలో మైకులో సెప్పింది మీరే. నేనింకా ఆ మాట అందరికీ సెప్తుంటాను. మరి ఎండెక్కిపోతన్నాది. బేగి సర్దండి, బయల్దేరతాం.”

నాన్న లేచాడు. “సర్దుతన్నానండి” అన్నాడు.

వంగి, నడవలో ఉన్న బ్యాగు ఎత్తాడు. కారు దాకా తనే మోసుకెళతాడనుకున్నాను నేను. బావ కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, లేచి చొక్కా సరిచేసుకున్నాడు. నాన్న వీధి వైపు తిరగలేదు. బ్యాగు పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. అక్క అక్కడ మంచం మీద కూర్చుని ఉంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

నాన్న బ్యాగు మంచం మీద పెట్టి జిప్పు తీశాడు. పైనున్న చీర తీసి బీరువాలో పెట్టాడు. ఇంకొకటి తీశాడు. జీవితంలో తన లుంగీ కూడా మడతపెట్టుకోని మనిషి, గంజిపెట్టిన చీరలు చేతుల్లో విడిపోతుంటే మళ్ళీ మళ్ళీ చుట్టి అరలో కూరుతున్నాడు. అక్క చిన్న బైబిలు తలగడ పక్కన పెట్టాడు. దువ్వెన కిటికీలో పెట్టాడు. బయట బావ కుర్చీ జరిగిన చప్పుడైంది.

అమ్మ వచ్చింది. “ఏటండీ, ఏటి సేస్తన్నారు?”

“సర్దుతన్నాను, ధనం.”

అమ్మ నా వైపు చూసింది, అక్క వైపు చూసింది. అక్క తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, దాన్నే చూసుకుంటోంది. అమ్మ ఆ చేతి వంక ఎంతసేపు చూసిందో నేను చెప్పలేను. తర్వాత నాన్న చేతిలోంచి చీర లాక్కుంది. “మీకు రాదు, ఇలా తెండి” అంది. దాన్ని విదిలించి, నాలుగు మడతలు పెట్టి, ఉతికి ఇస్త్రీ చేయించింది తనే కదా, బీరువా అరలో సాపుగా పెట్టింది. ఏడుస్తూనే మిగతావన్నీ తీసింది.

నాన్న బయటికి వెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళాను.

“అయ్యగారూ, అమ్మాయి రాదండి” అన్నాడు.

“మాటిచ్చేరు మావయ్యా” అన్నాడు బావ. గొంతు ఇంకా మెత్తగానే ఉంది.

“ఇచ్చేను. ఆ మాట పోనాది. తప్పు నాదే.” నాన్న పాస్టరుగారి వైపే చూస్తున్నాడు. “ఆ కాయ ముట్టుకున్నది నేనండి. నా కూతురు కాదు. తను నా ఎత్తు ఆడింది, అంతే.”

“నతానియేలు గారూ, సంఘంలో మీరు పెద్దగా ఉన్నారు.”

“అయితే ఉండనండి.”

పాస్టరుగారు తలెత్తి లోపలి గది వైపు చూశారు. అమ్మ ఖాళీ బ్యాగు విదిలిస్తున్న చప్పుడు వినపడుతోంది. కారు వెళ్ళిపోయాక నాన్న నిమ్మకాయ నీళ్ళ గ్లాసులు తీసి దొడ్లో పెట్టాడు.

ఆ తర్వాత అంతా మంచే జరిగిందని చెప్పను. నాన్న పెద్దరికం పోయింది. చర్చిలో ముందు వరస నుంచి తలుపు దగ్గరి బెంచీకి వచ్చాడు. సంఘం వాళ్ళు కొందరు వాచీలు వేరే దుకాణానికి పట్టుకెళ్ళారు. అక్క కోర్టు చుట్టూ తిరిగిన ఏళ్ళు నా పెళ్ళయ్యాక కూడా నడిచాయి. నాన్న ఒకసారి రోలుగుంట వెళ్ళి, ఎప్పుడో తను సర్దుకుపొమ్మని వెనక్కి పంపిన ఒకావిడని కలిసి వచ్చాడు. ఏం మాట్లాడాడో మాకు చెప్పలేదు. ఆవేళ అన్నం తినలేదు.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ ఆదివారం తర్వాత కొద్ది రోజులకి మొదటి వాన పడింది. మధ్యాహ్నమే చీకటి కమ్మింది, దుకాణానికి ఎవరూ రారని నాన్న ఇంట్లోనే ఉన్నాడు. అక్క బోర్డు పరిచి తెల్లకాయలు తనవైపు పెట్టుకుంది. రాజు ముందరి బంటుని నడిపింది. నాన్నా తన బంటుని నడిపాడు. అక్క గుర్రం బయటికి వచ్చింది.

నాన్న చూరు నుంచి పడుతున్న నీళ్ళు చూస్తూ చెయ్యి చాపాడు. యాభై ఏళ్ళ అలవాటు. చెయ్యి తిన్నగా ఆ బంటు మీదికే వెళ్ళింది. రాజు పక్క బిషప్ ముందరి బంటు. వేళ్ళు దాన్ని పట్టుకున్నాక గాని ఆయన బోర్డు వైపు చూడలేదు.

అక్క ఎంతో మెల్లగా అడిగింది. “సర్దుతున్నావా నాన్నా?”

నాన్న చెయ్యి కాయ మీదే ఉంది. ఔనంటే సరిపోయేది. మేము ఇద్దరం కూతుళ్ళమే కదా ఉన్నాము అక్కడ.

“నేదమ్మా” అన్నాడు. “ముట్టుకున్నాను.”

బంటుని ఒక గడి ముందుకి తోశాడు. అక్క తన గుర్రం మీద చెయ్యి వేసింది, కుడిచెయ్యి. దాన్ని ఎత్తడానికి కొంచెం సేపు పట్టింది. ఎత్తి, నాన్న కాపలా పెట్టుకున్న బంటుని కొట్టింది. నాన్న ఆఖరి దాకా ఆడాడు. అక్క ఆయనకి ఒక్క ఎత్తు కూడా వదిలిపెట్టలేదు.